తెలుగు క్రైస్తవంలో రక్షణ, నిత్యజీవం, సువార్త ప్రకటన

పాపం వల్ల దేవునికి దూరమైన మనిషిని యేసుక్రీస్తు మరణ పునరుత్థానాల ద్వారా దేవుడే తిరిగి తన దగ్గరకు చేర్చుకోవడాన్ని క్రైస్తవులు రక్షణ అంటారు. ఆ చేరికతో మొదలై చావుతో ముగియని జీవితం నిత్యజీవం. ఈ సంగతిని ఇతరులకు తెలియజేయడం సువార్త ప్రకటన. ప్రపంచ క్రైస్తవ సంఘాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఈ మూడు భావనలు తెలుగు నేల మీద ఏ రూపం తీసుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉత్తర తెలంగాణకు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. ఆర్మూర్ పసుపు ప్రాంతంలోని మాక్లూర్ మండలం, దాని చుట్టుపక్కల నిజామాబాద్ జిల్లా గ్రామాలు దక్షిణ భారత సంఘంలోని మెదక్ డయాసిస్ (బిషప్ పాలనా ప్రాంతం) పరిధిలోకి వస్తాయి. గ్రామీణ క్రైస్తవుల విశ్వాసం గురించి తెలుగు ప్రాంతంలో జరిగిన అత్యంత నిశితమైన అధ్యయనాలలో రెండు ఈ డయాసిస్ గ్రామాల మీదే జరిగాయి. వాటిని, కోస్తా జిల్లాల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బలంగా కనిపిస్తుంది: తెలుగు పల్లెల్లో రక్షణ అన్నది చచ్చాక దొరికే స్థానంగా మాత్రమే ఎన్నడూ వినబడలేదు. రోగం, భయం, అవమానం నుంచి విడుదల, నిత్యజీవపు నిరీక్షణ, పొరుగువాడికి చెప్పాలన్న బాధ్యత ఒకే అనుభవంలో కలిసి వచ్చాయి. వీటిని విడదీసి, ఏదో ఒకటే అసలు కారణమని తేల్చే వివరణలు ఆధారాలకు నిలబడవు.

నిర్వచనం, పరిభాష

బైబిల్లో రక్షణ అన్న మాట ఒకే సందర్భానికి కట్టుబడి లేదు. నిర్గమకాండంలో అది బానిసలైన ఒక జనం ఐగుప్తు నుంచి బయటపడడం. కీర్తనల్లో శత్రువు చేతి నుంచి, రోగం నుంచి, మరణ భయం నుంచి తప్పించడం. సువార్తల్లో యేసు స్వస్థపరిచిన వారి విషయంలోనూ, పాపక్షమాపణ పొందిన వారి విషయంలోనూ ఇదే భాష వినిపిస్తుంది. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్న సొమ్మును నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్నప్పుడు రక్షణ ఆ ఇంటికి ఆ రోజే వచ్చినట్లు చెప్పబడింది. పౌలు పత్రికల్లో ఇది మూడు కాలాల్లోనూ కనిపిస్తుంది: విశ్వాసి రక్షణ పొందాడు, పొందుతున్నాడు, పొందబోతున్నాడు. వేదాంతులు ఈ క్రమాన్ని నీతిమంతుడిగా తీర్చబడడం, పరిశుద్ధపరచబడడం, మహిమపరచబడడం అనే దశలుగా వివరిస్తారు. మనిషి వైపు నుంచి దీనికి స్పందన మారుమనస్సు, విశ్వాసం. వాటికి బహిరంగ గుర్తు బాప్తిస్మం. తెలుగు కతోలికులు దీన్ని జ్ఞానస్నానం అంటారు.

నిత్యజీవం కూడా కేవలం అంతులేని కాలం కాదు. యోహాను సువార్త 17వ అధ్యాయం దాన్ని దేవుణ్ణి, ఆయన పంపిన క్రీస్తును ఎరగడంగా నిర్వచిస్తుంది. అంటే అది ఈ లోకంలోనే మొదలవుతుంది, పునరుత్థానంలో సంపూర్ణమవుతుంది. సువార్త ప్రకటనకు ప్రధాన ఆధారం మత్తయి సువార్త చివర శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ. తెలుగు సంఘాల వాడుకలో మాటతో చెప్పడాన్ని సువార్త, పొందిన మేలును సభలో వినిపించడాన్ని సాక్ష్యం అంటారు. ఆచరణలో రెండూ కలిసే ఉంటాయి.

సిద్ధాంత భేదాలు

రక్షణ దేవుని కృప వల్లనే అన్న విషయంలో సంఘాలకు భేదం లేదు. ఆ కృప మనిషిలో ఎలా పనిచేస్తుంది, మనిషి పాత్ర ఎంత అన్న దగ్గర భేదాలు మొదలవుతాయి. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ మనిషి విశ్వాసం ద్వారా మాత్రమే నీతిమంతుడిగా తీర్చబడతాడని బోధించగా, 1547లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ కృపకు మనిషి సహకారాన్నీ, ప్రేమతో కూడిన క్రియలనూ నొక్కి చెప్పింది. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి దానితో ఏకీభవించింది.

మెథడిస్టు సంప్రదాయం మెదక్, నిజామాబాద్ ప్రాంతానికి నేరుగా సంబంధించింది, ఎందుకంటే ఇక్కడి సంఘాలను నాటింది బ్రిటన్‌కు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషన్. 18వ శతాబ్దపు జాన్ వెస్లీ బోధన ప్రకారం, మనిషి దేవుని వైపు తిరగకముందే కృప అతనిలో పని మొదలుపెడుతుంది. క్రీస్తు కొందరి కోసం కాక అందరి కోసం మరణించాడు. రక్షణ పొందినవాడు పవిత్రతలో ఎదుగుతూ పోవాలి. అందరికీ తలుపు తెరిచి ఉందన్న ఈ బోధ, ఊరి వెలుపల ఉంచబడిన వాడల్లో ఎలా వినబడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దీనికి భిన్నంగా కాల్విన్ సంప్రదాయం దేవుని ముందస్తు ఎన్నికను ప్రధానం చేసింది. నెల్లూరు, ఒంగోలు, కాకినాడ ప్రాంతాల బాప్టిస్టులు స్వయంగా విశ్వసించగల వయసు వచ్చినవారికే, నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు, కతోలిక సంప్రదాయాలు శిశువులకూ ఇస్తాయి. పెంతెకొస్తు సంఘాలు రక్షణానుభవం తరువాత పరిశుద్ధాత్మ బాప్తిస్మాన్ని వేరుగా చెబుతాయి.

అన్య మతస్థుల రక్షణ గురించీ ఏకాభిప్రాయం లేదు. క్రీస్తును తెలిసి నమ్మినవారికే రక్షణ అన్నది సువార్తిక సంఘాల సాధారణ వైఖరి. తమ తప్పు లేకుండా సువార్త వినని వారు మనస్సాక్షిని అనుసరించి దేవుణ్ణి వెదికితే రక్షణ పొందగలరని 1964లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. అయినా ఆ రక్షణ క్రీస్తు వల్లనే కలుగుతుందన్న మాటను అది వదులుకోలేదు.

చరిత్ర: గ్రంథాల నుంచి పల్లెలకు

తెలుగులో క్రైస్తవ బోధ మొదట రాతగా వచ్చింది. లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720, 30 దశకాల్లో మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చు కాలేదు కానీ, ఆయన తయారు చేసిన ప్రశ్నోత్తర బోధిని వంటి చిన్న పుస్తకాలు 1746, 1747లలో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయ్యాయి. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటికి పేరు. అదే శతాబ్దంలో రాయలసీమలో జెజ్యూట్ గురువుల కర్ణాటక మిషన్ పనిచేసింది. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ పేరుతో క్రీస్తు కథను కావ్యంగా రాశాడు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఆ తరువాతి యాభై ఏళ్లలో నెల్లూరు, నరసాపురం, మచిలీపట్నం, గుంటూరు మిషన్ కేంద్రాలయ్యాయి. పాఠశాలలు, ముద్రణ పెరిగాయి, విశ్వాసుల సంఖ్య మాత్రం కొద్దిగానే ఉండిపోయింది.

మలుపు ఒక తోళ్ల వ్యాపారి ద్వారా వచ్చింది. ఒంగోలు ప్రాంతపు తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య అప్పటికే రాజయోగ సాధన చేసినవాడు. వ్యాపారం మీద తిరిగే దారుల్లో సువార్త విన్నాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేతుల మీదుగా అతనూ అతని భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మార్పు పేరయ్య బంధువర్గాల వెంట ఊరూరికీ పాకింది. దాన్ని ముందుకు తీసుకెళ్లినవారు మిషన్ బంగళాలో ఉన్నవారు కాదు, ఆ కుటుంబాల మనుషులే. అదే సమయంలో ఒంగోలులో అగ్రకులాల వారు కూడా బోధ వినడానికి వస్తుండేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు చెప్పినప్పుడు, క్లౌ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికను ఆధారం చేసుకుని మాదిగల పక్షానే నిలిచాడు. కొత్త విశ్వాసులకు ఆయన పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. పైకి చిన్నవిగా కనిపించే ఈ మూడూ ఊరికీ వాడకూ మధ్య తరాలుగా ఉన్న వెట్టి సంబంధాన్ని తాకాయి. జాతరలో డప్పు కొట్టనన్నా, ఆదివారం వెట్టికి రానన్నా దెబ్బలు, బహిష్కరణలు తప్పేవి కావు. అంటే రక్షణ అన్నది ఆ జనానికి మొదటి రోజే వాడ హద్దుల్లో, కూలి లెక్కల్లో తెలిసిన విషయం.

నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ 1880 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి పని మొదలుపెట్టింది. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను కేంద్రంగా చేసుకుని పల్లె ఉపదేశకులను తయారు చేశాడు. మాలలు, తరువాత మాదిగలు సమూహాలుగా సంఘంలో చేరారు. పదేళ్ల నిర్మాణం తరువాత 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్ కరువు కాలంలో పనికి తిండి పెట్టే ఏర్పాటుగానూ సాగిందని ఆ ప్రాంత సంప్రదాయం చెబుతుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు ఈ మెథడిస్టు సంఘాలు మెదక్ డయాసిస్‌గా అందులో కలిశాయి.

డిచ్‌పల్లి: దేహానికీ రక్షణ

నిజామాబాద్ జిల్లాలో రక్షణ బోధకు అందరికీ తెలిసిన రూపం డిచ్‌పల్లిలోని కుష్ఠు వైద్యాలయం. స్కాట్లాండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు చికిత్స కోసం వచ్చిన కుష్ఠు రోగులను ఎక్కడా చేర్చుకునే చోటు లేక ఆ దంపతులు ఈ పనిలోకి దిగారు. 1915లో విక్టోరియా ఆసుపత్రి డిచ్‌పల్లిలో మొదలైంది. దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు నిజామాబాద్‌కు చెందిన హిందూ ధనికుడు రాజా నర్సాగౌడ్. ఆ కాలంలో అందుబాటులో ఉన్న మందు హిడ్నోకార్పస్ నూనె. దాన్ని సూదిమందుగా ఇవ్వడం బాగా తెలిసిన తరువాత దూర ప్రాంతాల నుంచీ రోగులు వచ్చారు. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకం లభించింది.

ఈ సంస్థను కేవలం దాతృత్వంగా చూస్తే వేదాంత ప్రాముఖ్యం తప్పిపోతుంది. కుష్ఠును పూర్వజన్మ కర్మఫలంగా భావించే సమాజంలో, రోగికి పట్టిన గతి అతనికి న్యాయంగా దక్కిందేనన్న తీర్పు ఆ భావనలో ఇమిడి ఉంది. క్రైస్తవ పునరుత్థాన బోధ దేహాన్ని వదిలించుకోవలసిన తొడుగుగా చూడదు. దేవుడు తిరిగి లేపబోయేది దేహంతో కూడిన మనిషినే. వేళ్లు పోయిన చేతిని కడగడానికీ, ఆ చేయి గల మనిషికి నిత్యజీవం గురించి చెప్పడానికీ మధ్య డిచ్‌పల్లిలో పనిచేసినవారికి విభజన కనిపించకపోవడానికి కారణం ఇదే. అదే సమయంలో ఒక సందేహం న్యాయమైనది: సమాజం వెలివేసిన రోగి, తనను చేరదీసిన చోట వినిపించే బోధను స్వేచ్ఛగా తూచగలడా? చికిత్స బాప్తిస్మానికి ప్రతిఫలం అయిన చోట ఆ సందేహానికి జవాబు ఉండదు. అలా కానంతవరకు, నర్సాగౌడ్ వంటి దాత తన మతంలోనే ఉండి ఆ పనిని నిలబెట్టడం ఒక విషయాన్ని చూపుతుంది: ఆసుపత్రి విలువను గుర్తించడానికి దాని విశ్వాసాన్ని అంగీకరించవలసిన అవసరం ఆ ఊరి పెద్దలకు కనిపించలేదు.

నిత్యజీవం: బోధ, ఆచరణ

మరణానంతరం గురించి క్రైస్తవ బోధలో నాలుగు అంశాలు ఉన్నాయి: మరణం, తీర్పు, పరలోకం, నరకం. వీటితోపాటు కతోలికులు ఉత్తరించు స్థలాన్ని నమ్ముతారు. దేవుని కృపలో చనిపోయినా ఇంకా శుద్ధి కావలసినవారు అక్కడ శుద్ధి పొందుతారని, బతికున్నవారి ప్రార్థన వారికి తోడ్పడుతుందని వారి బోధ. అందుకే నవంబరు 2న మృతుల స్మరణ దినంగా సమాధుల దగ్గర ప్రార్థనలు చేస్తారు. ప్రొటెస్టెంట్లు ఈ బోధను అంగీకరించరు. చనిపోయినవారు ప్రభువునందు నిద్రించారని చెబుతారు, జ్ఞాపకార్థ కూటాల్లో బతికున్నవారి ఆదరణ కోసమే ప్రార్థిస్తారు. నరకం శాశ్వత శిక్షా, లేక దుష్టుల నిర్మూలనా అన్న వాదం ప్రపంచ వేదాంతంలో పాతది. చివరకు అందరూ దేవుని దగ్గరకు చేరుతారన్న ఆశను 3వ శతాబ్దంలో ఓరిగెన్ వ్యక్తం చేశాడు. సంఘం దాన్ని సిద్ధాంతంగా ఒప్పుకోలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ సహజంగా ఎదురయ్యే పోలిక మోక్షం. జనన మరణ చక్రం నుంచి ముక్తి అన్న భావనకూ, ఒకే జీవితం, ఒకే తీర్పు, దేహంతో కూడిన పునరుత్థానం అన్న భావనకూ మధ్య దూరం ఉంది. అయినా తొలి తెలుగు క్రైస్తవ రచయితలు మోక్షం అన్న మాటను వదలలేదు, కీర్తనకారులు భక్తి సంప్రదాయపు రాగాలనూ తాళాలనూ వాడుకున్నారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. చదువు రాని తరాలకు నిత్యజీవ బోధ ప్రధానంగా పాటగానే అందింది. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం రావడంతో ఆ కథ సంఘం గోడలు దాటి సాహిత్య పాఠకులకూ చేరింది.

పల్లెల్లో ఈ బోధ ఎంతవరకు ఇంకిందన్న ప్రశ్నకు మెదక్ జిల్లా అధ్యయనాలు సమాధానమిస్తాయి. పరిశోధకులు పి. వై. లూక్, జాన్ కార్మన్ 1959లో అక్కడి గ్రామ సంఘాలను పరిశీలించి, 1968లో పుస్తకం ప్రచురించారు. క్రైస్తవులలో కొందరు గ్రామదేవతల పండుగల్లో పాలుపంచుకోవడం, యేసును ముందుగా రోగం, దయ్యం, ఆపద నుంచి కాపాడే దేవుడిగా చూడడం వారు గమనించారు. బోధకులు దీన్ని లోపంగా చూడడం సహజం. అయితే సువార్తల్లో యేసు దగ్గరకు వచ్చిన జనంలో ఎక్కువమంది వచ్చిందీ ఇలాగే. కాపాడే దేవుడన్న నమ్మకం నిత్యజీవ బోధకు వ్యతిరేకం కాదు, దాని మొదటి మెట్టు కావచ్చు. ఆ మెట్టు దగ్గరే ఆగిపోతే రోగం తగ్గని రోజున విశ్వాసం కూలుతుందన్నది మాత్రం నిజం. కార్మన్, చిల్కూరి వసంతరావు అదే ప్రాంతాన్ని యాభై ఏళ్ల తరువాత తిరిగి పరిశీలించి 2014లో ప్రచురించిన పుస్తకం, పాత సంఘాల్లో కొన్ని క్షీణించడాన్నీ, స్వస్థత ప్రార్థనలు కేంద్రంగా ఉన్న కొత్త స్వతంత్ర సంఘాలు పెరగడాన్నీ నమోదు చేసింది.

సువార్త ప్రకటన: వాహకులు, పద్ధతులు

తెలుగు నేల మీద సువార్త చెప్పినవారిలో విదేశీయులు కొద్దిమంది. జీతం తక్కువైన ఉపదేశకులు, ఇళ్లలోకి వెళ్లి స్త్రీలకు చదవడం నేర్పిన బైబిలు స్త్రీలు, సంతకు వెళ్లే బంధువులు ఆ పని మోశారు. డోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య దీన్ని సంఘ నియమంగా మార్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. బాప్తిస్మం పొందిన ప్రతివారూ తమ తల మీద తామే చేయి ఉంచుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలని ఆయన నేర్పాడు. చదువు లేనివారు, కూలీలు చేసే ప్రకటనకు విలువ ఎక్కువని ఆయన నమ్మకం. వారి మారిన జీవితమే ఊరి కళ్లముందు ఉండే రుజువు. ఆయన తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, 1945లో చనిపోయేవరకు ఈ నేల మీదే పనిచేశాడు.

తెలుగు సంఘం ఇతర దేశాలకూ మనుషులను పంపింది. చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువారి కోసం నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య 1903లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లి, కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించాడు. ఆయనను పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘం. 20వ శతాబ్దంలో స్వదేశీ సంఘాలు బలపడ్డాయి: 1938లో ముంగమూరి దేవదాసు రాజమండ్రిలో బైబిలు మిషన్‌ను మొదలుపెట్టాడు, పంజాబు నుంచి వచ్చిన భక్త సింగ్ హైదరాబాద్‌లోని హెబ్రోను ప్రార్థనా స్థలాన్ని కేంద్రంగా చేసుకున్నాడు. నిజామాబాద్ జిల్లా నుంచి పని కోసం గల్ఫ్ వెళ్లేవారు ఎక్కువ. అక్కడ కూడా, దుబాయి, కువైట్, బహ్రెయిన్ వంటి చోట్ల తెలుగు ఆరాధనలు జరుగుతున్నాయి.

ఆక్షేపణలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ అందరికీ తెలిసిందే: కరువులో గింజల కోసం మతం మారారు. దీనికి ఎక్కువగా చూపేది ఒంగోలు ఉదంతం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. అయితే సహాయం పంచుతున్న ఆ కాలంలో, దాదాపు 15 నెలల పాటు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయిన తరువాతే తిరిగి మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో ఆదుకున్న మనిషి మీద ఏర్పడిన నమ్మకం వారిని కదిలించలేదని ఎవరూ అనలేరు. ఆ నమ్మకం, తిండి కోసం చేసే బేరం ఒకటి కాదు. పైగా పేరయ్య బాప్తిస్మం నుంచి కరువు వరకు దశాబ్ద కాలం పాటు ఆ బంధువర్గాల్లో బోధ నడిచింది. కరువు ఒక్కటే కారణమైతే, బాప్తిస్మం తరువాత వెట్టిని, డప్పును కాదని దెబ్బలు తిన్న కుటుంబాల ప్రవర్తనకు వివరణ దొరకదు. 1933లో ప్రచురితమైన వాస్కం పికెట్ అధ్యయనం తెలుగు ప్రాంతాలతో సహా సామూహిక మార్పిడులను పరిశీలించి, తొలి కారణం ఏదైనా తరువాత అందిన బోధ, సంరక్షణే విశ్వాసం నిలకడను ఎక్కువగా నిర్ణయించిందని తేల్చింది. పికెట్ స్వయంగా మెథడిస్టు మిషనరీ అన్నది గుర్తుంచుకోవాలి. అయినా బోధ కొరవడిన చోట సంఘాలు బలహీనపడ్డాయని ఆయన చెప్పిన మాటను మెదక్ పల్లెల తరువాతి అధ్యయనాలు బలపరుస్తున్నాయి.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది, దాన్ని గట్టిగా వినిపించినవాడు గాంధీ. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత, దళితులను మతం మార్చే ప్రయత్నాలను గాంధీ ‘హరిజన్’ పత్రికలో తీవ్రంగా విమర్శించాడు. మత సిద్ధాంతాలను తూచి చూసే అవకాశం లేని పేదలకు మత బోధ చేయడం తగదని, సేవ చేస్తే సేవ కోసమే చేయాలని ఆయన వాదన. సేవను ఎరగా వాడరాదన్న భాగంలో ఆయన మాట తిరుగులేనిది. కానీ పేదవాడు మతాన్ని తూచలేడన్న భాగం నిలవదు. పేరయ్య యోగసాధన తరువాత సువార్తను ఎంచుకున్నాడు. పల్లెల్లో కులపెద్దలు నెలలు, ఏళ్ల తరబడి చర్చించి నిర్ణయానికి వచ్చారు. అక్షరం రాకపోవడం ఆలోచన రాకపోవడం కాదు. దళితులకు ఆధ్యాత్మిక నిర్ణయాధికారం ఉందన్నదే అజరయ్య ఇచ్చిన జవాబు సారం. ఆ వాదంలో ఆయన పక్షానే ఎక్కువ బలం ఉందని చరిత్ర చూపుతుంది.

మూడవ ఆక్షేపణ సంఘం లోపలి నుంచి వచ్చింది. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు (1912–1981) 1942లో క్రీస్తు దర్శనం పొందానని చెప్పాడు. రోగుల కోసం ప్రార్థిస్తూ, కీర్తనలు రాస్తూ వేలమందిని ఆకర్షించాడు. అయితే బాప్తిస్మాన్నీ సంఘ వ్యవస్థనూ నిరాకరించాడు. క్రీస్తును అనుసరించడానికి మతం మారనక్కరలేదన్నది ఆయన వైఖరి. దీన్ని అధ్యయనం చేసిన చరిత్రకారుడు కాయ్ బాగో దీనిలో కొత్త దారి చూశాడు. వేదాంతులు ఎం. ఎం. థామస్, లెస్లీ న్యూబిగిన్ మధ్య 1970లలో జరిగిన చర్చకూ ఇదే కేంద్రం: రక్షణను మానవీకరణతో కలిపి చూసిన థామస్, క్రీస్తును అంగీకరించినవారు తమ సమాజంలోనే ఉండగలరన్నాడు, కనిపించే సంఘం లేకుండా ఆ విశ్వాసం నిలవదని న్యూబిగిన్ అన్నాడు. తెలుగు అనుభవం ఈ విషయంలో ఒక షరతును ముందుకు తెస్తుంది. ఊళ్లో గౌరవం ఉన్నవాడు తన కులంలో ఉంటూ క్రీస్తును అనుసరించగలడు. వాడ మనిషికి అలా ఉండిపోవడం అంటే అవమానంలో ఉండిపోవడమే. ఒకే పాత్రలోంచి అందరూ బల్లారాధనలో (ప్రభు భోజనంలో) పాలు పొందే సంఘం అతనికి రక్షణలో భాగం, అదనపు ఏర్పాటు కాదు. ఆ సంఘంలోనే కులభేదం మిగిలి ఉండడం ఈ వాదానికి పెద్ద ఇబ్బంది. మాల, మాదిగ సంఘాల మధ్య వివాదాలు తెలుగు క్రైస్తవంలో ఇప్పటికీ ఉన్నాయి. దళిత వేదాంతం ఈ ఇబ్బందినే తన ప్రశ్నగా తీసుకుంది.

చట్టం, జనగణన

భారత రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇస్తుంది. ప్రచార స్వేచ్ఛ అంటే ఇతరుణ్ణి మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలయ ప్రాంతాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో చట్టం తెచ్చింది. క్రైస్తవ సిద్ధాంతం దృష్ట్యా 1977 తీర్పులో అంగీకరించలేని భాగం, అంగీకరించవలసిన భాగం రెండూ ఉన్నాయి. మనిషిని మార్చేది దేవుడే, సాక్షి కాదు అని నమ్మే విశ్వాసం మరొకరిని మార్చే హక్కును తనకు కోరుకోనక్కరలేదు. విన్నవాడు మారే హక్కు మాత్రం ప్రచార స్వేచ్ఛకు ప్రాణం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవుల వాటా 1971 జనగణనలో 4.19 శాతం కాగా 2011 నాటికి 1.34 శాతంగా నమోదైంది. అదే కాలంలో ప్రార్థనా మందిరాలు, సభలు పెరిగాయి. ఈ రెంటి మధ్య తేడాకు ప్రధాన కారణం, విశ్వాసంలో ఉన్నా పత్రాల్లో క్రైస్తవులమని రాయించుకోని కుటుంబాలు. బాప్తిస్మం తీసుకుంటే రిజర్వేషన్ పోతుందన్న భయం ఇందులో ఉంది. లాభం కోసం మతం మారుతున్నారన్న విమర్శ వినిపించే నేల మీదే, మారినందుకు నష్టం కట్టే నియమం 1950 నుంచి అమలులో ఉంది. మతం మారిన దళితులకు షెడ్యూల్డ్ కుల హోదా ఇవ్వవచ్చా అన్నది పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది.